మృదంగానికి రవ్వ మరిచిన రోజు

అవ్వకు నమస్కారం. మన వంశానికి తలవంపులు తెచ్చే ఈ కార్డు రాస్తున్నందుకు ఏడు తరాల పెద్దలూ నన్ను మన్నించాలి. ఫోనులో చెబితే మధ్యలోనే తిడతావు.

మదురైలో మా బృందం చెదిరిపోయాక, కోయంబత్తూరులో మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి కదా. నిన్న బస్సు దిగి నేరుగా దేవిప్రియ అక్క నాట్యపాఠశాలలో మృదంగం వాయించే ఉద్యోగానికి పరీక్షకు వెళ్లాను. మృదంగం ఎడమ మూతికి తడి రవ్వముద్ద అంటిస్తే గానీ గుమ్మని పలకదు. ఆ రవ్వ డబ్బా మన అలమారాలోనే మరిచాను. అడిగితే మొదటిరోజే పరువు పోతుందని ఏవో తంటాలుపడి వాయించాను.

అక్క, నాట్యం చేస్తున్న పిల్లలను ఆపి, "ఏమప్పా, ఎడమపక్క ఇట్ల ఉరుముతుందే, యా ఊరు నీది?" అంది.

"ఆండిపట్టి అక్కా."

"మన తెలుగు వాండ్లేనా? సరి, సోమవారం నుంచి వచ్చేయ్. ఈ పిలకాయల అరంగేట్రానికి నువ్వే."

ఉద్యోగం వచ్చింది అవ్వా! నా తెల్ల పంచె పంపించు. తాత మోకాలు ఎట్లా ఉంది? రవ్వకు పురుగు పట్టకముందే ఉప్మా చేసుకోండి. చెల్లి ఉషకు నా ఆశీస్సులు, వద్దన్నా సరే.

ఇక నిజం. దారిలో తినమని నువ్వు కట్టిచ్చిన రాగిసంగటి నేను తినలేదు. మృదంగానికి పెట్టాను.

నీ మనవడు,
జక్కయ్యన్