బొంత వెనక ముడి

చెల్లీ,

నా దగ్గు తగ్గింది, బెంగ పెట్టుకోకు.

ఊళ్లలో ఆడవాళ్లు కుట్టిన బొంతల్ని విదేశాలకు పంపేముందు సరిచూసే పని నాదేగా. ఈమధ్య ప్రతి బొంత వెనకా ఓ మూల రంగుదారం ముడి కనిపించింది. కొనేవాళ్లు వంక పెడతారని అన్నీ కత్తిరించేశాను. పుణ్యానికి పోతే పాపం ఎదురైంది. నిన్న ఒకమ్మాయి వచ్చింది. వాళ్లమ్మ పోయి వారమైందట.

"అమ్మ కుట్టిన ఆఖరి బొంత ఇక్కడికే వచ్చిందక్కా. వెనక పచ్చ ముడి ఉంటుంది, అదే అమ్మ గుర్తు. ఒక్కసారి చూసుకుని పోతాను" అంది.

నలభై బొంతలు పరిచాను. అన్నీ ఒకే నమూనా, ఒక్కదానికీ ముడి లేదు. పాపం, ఒక్కొక్కటీ వేలితో తడిమి తడిమి, చివరికి "ఇదేనేమో" అని ఒకటి ఒళ్లో పెట్టుకుంది. దాన్ని ఆమెకే ఇచ్చేశాను. కొట్టు పెద్దావిడ తిడితే తిట్టనీ. ఇకనుంచి ముడి జోలికి పోను, అది ఎవరిదో చీటీ రాసి మరీ పంపుతాను.

మీ ఇంటి కప్పు కారడం ఆగిందా? చిన్నదాని జ్వరం ఎలా ఉంది? అమ్మ కంటి చుక్కలు అయిపోకముందే రాయి, పంపుతాను. మరిదిగారిని అడిగానని చెప్పు. పిల్లలకు దీవెనలు.

మీ అక్క

కార్డు అంచున ఇరికిస్తున్నాను: మన అమ్మ కుట్టిన బొంతలూ నా చేతిమీదుగానే పోయాయి. అమ్మ ముడి ఏ రంగో అడిగి రాయి. కూతుర్నయ్యుండి నాకు తెలీదు.