పచ్చ స్టిక్కరు, ఎర్ర గుడ్డ

ప్రియమైన అన్నయ్యకి,

నీ చెల్లెలు సునీత వందనాలు. దేవుని దయవల్ల నా ఒంట్లో బాగానే ఉంది. అక్కడ మీరందరూ బాగున్నారని తలుస్తాను. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? నువ్వు బీపీ మాత్రలు మానేశావని తెలిసింది. ఊళ్ళో వాళ్ళ మోటార్లకి వేళకి గ్రీజు పెడతావు గాని, నీ మాత్ర వేసుకోవడానికి నీకు తీరిక ఉండదు!

రోజూ ఫోన్ చేసే మనిషికి ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు, షెడ్డులో ఉన్నవాళ్ళంతా పలకరిస్తారు, నేను "బాగున్నాను" అనేసి పెట్టేస్తాను. బాగాలేను అన్నయ్యా. కంగారు పడకు, ఆరోగ్యానికేం కాలేదు.

గురుగ్రామ్‌లో చలి మొదలైంది. మంచో పొగో తెలియదు, ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంట్లు పొద్దున్న పది గంటలు దాటితే గాని కనబడవు. హాస్టల్లో రోజూ రాజ్మా, రొట్టె. నాలుక చచ్చిపోయింది. ఆదివారం చర్చి అయ్యాక గ్రేస్ అక్క నన్ను అశోకా రోడ్‌లో మన తెలుగు భోజనానికి తీసుకెళ్తుంది. మా ఆసుపత్రి ఐసీయూలో నర్సు, మన నరసాపురం మనిషే. తన గోంగూర పచ్చడి కూడా నా కంచంలోనే వేస్తుంది. ఇక్కడ నాకు పెద్ద దిక్కు ఆవిడే.

నా పని నీకు తెలుసుగా. ఆసుపత్రిలో ఏ మెషీన్ ఎప్పుడు విప్పి చూడాలో, ఏ స్పేర్ పార్టు ఎప్పటికి తెప్పించి ఉంచాలో చూసుకోవడం. ఏసీ గదిలో కూర్చుని చేసే షెడ్డు పనే. పోయిన నెల ఒక వెంటిలేటర్‌లో గాలి కొట్టే మోటారు పోయింది. ముందే తెప్పించి ఉంచాల్సిన పార్టు, నేనే ఆర్డరు ఆలస్యం చేశాను. సప్లయరు, "దో దిన్ మే ఆ జాయేగా, మేడమ్" అన్నాడు. రెండు రోజులే కదా అని, అవసరానికని పక్కన ఉంచిన ఇంకో వెంటిలేటర్ మోటారు విప్పించి దీనికి పెట్టించాను. మన షెడ్డు అలవాటు ఎక్కడికి పోతుంది? లోపల పార్టు లేదు, ముట్టుకోవద్దు అని తెలిసేలా దాని హ్యాండిల్‌కి ఎర్ర గుడ్డపీలిక కట్టాను.

మర్నాడే తనిఖీ. మా మేనేజర్ ఆ గుడ్డ చూసి, "అరే సునీతా, యే క్యా హై? ఇది ఆసుపత్రా, గ్యారేజా? హటావో" అన్నాడు. నా చేత్తో నేనే విప్పాను. కంప్యూటర్లో "పనిచేయదు" అని పెడితే పార్టు ఎందుకు లేదని అడుగుతారని భయపడి, "సిద్ధం" అనే ఉంచేశాను. అంతకుముందు నా సంతకంతో అంటించిన పచ్చ స్టిక్కరూ అలాగే ఉంది. రెండు రోజుల్లో వస్తుందన్న పార్టు రెండు వారాలైనా రాలేదు. గుడ్డ మళ్ళీ కట్టడం మరిచిపోయాను.

పోయిన మంగళవారం మధ్యాహ్నం ఒక పెద్దాయనకి ఊపిరి అందలేదు. గ్రేస్ అక్క పచ్చ స్టిక్కరు చూసి ఆ మెషీనే లాక్కొచ్చింది. అది గాలి ఇవ్వలేదు. పై అంతస్తు నుంచి ఇంకోటి తెచ్చేదాకా ఆవిడ చేత్తో గాలి బ్యాగు నొక్కి ఆయనకి ఊపిరి అందిస్తూ నిలబడింది. నేను పరిగెత్తుకెళ్ళేసరికి ముఖమంతా చెమట, చెయ్యి మాత్రం ఆపలేదు. దేవుడి దయ, ఆయన బతికాడు. నిన్న కొడుకుతో మాట్లాడాడట.

మెమో మాత్రం గ్రేస్ అక్కకి ఇచ్చారు. వాడేముందు నర్సే చూసుకోవాలట. ఆవిడ ఉద్యోగం పోయేలా ఉంది. మేనేజర్ నన్ను పిలిచి, "నువ్వు చుప్‌గా ఉండు, నీ రికార్డు క్లీన్‌గా ఉంది" అన్నాడు. ఇవాళ చర్చిలో అక్క నా పక్కనే కూర్చుంది. "నీ సంతకం ఉంది కదమ్మా, ఇంక చూడక్కర్లేదనుకున్నా. నాదే పొరపాటులే" అంది. తిట్టినా బాగుండేది అన్నయ్యా. తలనొప్పి అని చెప్పి భోజనానికి వెళ్ళకుండా వచ్చేశాను.

నీకు గుర్తుందా? చిన్నప్పుడు బొమ్మకి చీర కడదామని, షెడ్డులో మోటారుకున్న ఎర్ర గుడ్డ విప్పుకుపోయాను. బేరింగు తీసిన మోటారని తెలియక నువ్వు దాన్ని రొయ్యల చెరువుకి పంపేశావు. నీళ్ళకి గాలి అందక రొయ్యలన్నీ చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. రైతు వచ్చి అరుస్తుంటే, నా చేతిలో బొమ్మ చూసి కూడా "తప్పు నాదేనండి" అన్నావు. నాన్న నిన్ను లాగిపెట్టి కొట్టాడు. నేను తలుపు వెనకే నిలబడ్డాను, నోరు విప్పలేదు.

ఈ మధ్యాహ్నం నీకు రాసేముందే సూపరింటెండెంట్ గారికి ఒక కాగితం రాశాను. పార్టు విప్పించింది, గుడ్డ తీసింది, స్టిక్కరు ఉంచేసింది నేనేనని. గ్రేస్ అక్కకి చెప్పలేదు, చెబితే చింపేస్తుంది. రేపు వెళ్ళగానే ఇచ్చేస్తాను. చాలా భయంగా ఉంది. ఉద్యోగం పోతే షెడ్డులో నాకో స్టూలు వెయ్యి.

అమ్మకి ఇప్పుడే చెప్పకు. వదినని ఎండు రొయ్యలు కాస్త పంపమను, గ్రేస్ అక్కకి ఇష్టం. ఆ పొట్లం మూతికి మన షెడ్డు ఎర్ర గుడ్డే కట్టు. పాస్టరుగారికి, పిన్నికి నా వందనాలు. నా కోసం ప్రార్థన చెయ్యండి.

ఆ రోజు తలుపు వెనక నిలబడిపోయి, ఇప్పుడు ఇవతలికి వస్తున్న

నీ చెల్లెలు
సునీత