పడినవాణ్ణి లేపే రూలు

తిరువూరు, 1977 జూలై, గురువారం రాత్రి

కరీం టైలరింగ్ షాపు కట్టేశాక, బట్టలు కత్తిరించే బల్ల మీద ఇవాళ కూడా నేనూ, కరీం, ప్రసాదూ ఆడాం. అడవి, కోట, రాక్షసుడు అన్నీ మేం కల్పించుకున్నవే. గుండీలే వీరులు. దెబ్బ తగిలిందో లేదో గవ్వలు వేసి తేల్చుకుంటాం. పేచీ వస్తే తీర్పు నాది.

ప్రసాద్ ఆడించే రాక్షసుడు కరీం విలుకాణ్ణి పడగొట్టాడు. కరీం వెంటనే తన రెండో గుండీని పడిన విలుకాడి పక్కకు జరిపాడు.

"నీ వంతు రాలేదు, ఆగు," అన్నాను.

"పక్కనే ఉన్నాడుగా. చెయ్యిచ్చి లేపడానికి వంతేంటి?"

"ఆటన్నాక పద్ధతుండాలి కరీం."

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ప్రసాద్ గవ్వలు వేశాడు. విలుకాడు చచ్చిపోయాడు.

కరీం గుండీలన్నీ డబ్బాలో వేస్తూ, మావైపు చూడకుండా అన్నాడు. "విస్సన్నపేట రోడ్డు మీద మా అన్నని లారీ గుద్దినప్పుడూ ఇదే అన్నారంట. పోలీసులొచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదని. చుట్టూ బోలెడుమంది ఉన్నారంట."

ప్రసాద్ "మళ్ళీ ఆడదాంలే" అని గొణిగాడు. కరీం లైటు ఆర్పేశాడు.

నా తీర్పు తప్పని ఒప్పుకోబుద్ధి కావడం లేదు. వంతులు లేకపోతే ఆటే లేదు. కానీ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఆ రూలే బుర్రలో తిరుగుతోంది. ముగ్గురం కలిసి పెట్టుకున్నదే: పడినవాణ్ణి పక్కవాడు లేపవచ్చు. అంతే. వంతు వచ్చేదాకా ఆగాలని అందులో లేదు.

ఆగమన్నది నేను.