గులాబీ, దాని పక్కన తెల్లచుక్కలు

క్వెంకా

ప్రియమైన అంపారో,

పెట్టెలో మంచుగడ్డల మధ్య ఉన్న గాజుగొట్టం జాగ్రత్త. మా ఊరి మురుగునీటి శుద్ధి కేంద్రంలో, నురగ మీద దొరికిన గులాబీరంగు బ్యాక్టీరియా అది. జన్యువులు చదివించాను. దగ్గరి చుట్టం ఒక్కటీ లేదు. కొత్త జాతే, సందేహం లేదు.

రెండు దేశాల్లోని సూక్ష్మజీవుల బ్యాంకుల్లో బతికితేనే పేరు చెల్లుతుంది కదా. మొదటిది నువ్వు పనిచేసే మాంటెవీడియో బ్యాంకు. పెంచి, బతికిందని ధ్రువపత్రం పంపు. కనిపెట్టినవాళ్లు సొంత పేరు పెట్టుకోకూడదు గనక నీ పేరు పెడుతున్నాను. మురుగులో పుట్టిందని మూతి ముడుచుకోకు.

నీ జొయిలా

మాంటెవీడియో

ఒసే జొయిలా,

నా పేరు పెట్టినా సరే, తీసుకోను. నీ గులాబీలో తెల్లచుక్కలున్నాయి. వేరే బ్యాక్టీరియా ఏదో కలిసింది. ఒక్క జాతే ఉండాలి, నియమం నీకూ తెలుసు. శుభ్రం చేసి పంపు. చదువుకునే రోజుల్లో మన హాస్టల్లో నేను మాతే టీ తాగే సొరబుర్ర కప్పును సబ్బు పెట్టి తోమినదానివి, ఇది నీకో లెక్కా?

అంపారో

క్వెంకా

ప్రియమైన రాక్షసీ,

రెండు రోజులు నిన్ను తిట్టుకుంటూనే ఏరాను. తెల్లచుక్క జాడ లేదిక. సావోపాలో పరిశోధకుల దగ్గరా ఇలాంటిదే ఉందట. ఈ నెల్లో ధ్రువపత్రం రాకపోతే పేరు వాళ్లు పెట్టేస్తారు, నా ఆరేళ్ల పని మట్టిపాలు. మళ్లీ పెంచి చూసే తీరిక లేక వెంటనే పంపుతున్నాను. పెరుగుతుందిలే, నాకు భయం లేదు.

జొయిలా

మాంటెవీడియో

ప్రియమైన జొయిలా,

పెరగలేదే. వారమైనా గాజుపళ్లెం బోసిగానే ఉంది. 'చచ్చింది' అని నీకు రాయబోయి ఏడ్చాను.

అప్పుడు గుర్తొచ్చి, నువ్వు మొదటిసారి పంపినదాన్ని పెంచిన పాత పళ్లెం ఫ్రిజ్‌లోంచి తీశాను. గులాబీ అంతా తెల్లచుక్కల చుట్టూనే ఉంది, దూరంగా ఎక్కడా లేదు. తెల్లదాన్ని విడిగా నీళ్లలో పెంచి, ఆ నీళ్లు వడకట్టి, నువ్వు రెండోసారి పంపిన గులాబీకి పోశాను. పళ్లెం నిండా విరగబడి పెరిగింది. తెల్లది వదిలే తిండి ఏదో లేనిదే అది బతకదు. వడకట్టిన నీళ్లలో బ్యాక్టీరియా ఉండదు గనక నియమమూ చెడలేదు.

సబ్బుతో తోమితే సొరబుర్రలో ఊరిన రుచంతా పోయిందని ఆనాడు నిన్ను తిట్టాను. ఇప్పుడు అదే పని నీచేత నేనే చేయించాను. ఆ తిట్లన్నీ వాపసు తీసుకుంటున్నాను.

ధ్రువపత్రం ఇందులోనే ఉంది. వడకట్టిన నీళ్ల సీసా కూడా పెట్టాను, రెండో బ్యాంకుకి పంపు. తెల్లదాని జన్యువులూ చదివించాను. దానికీ చుట్టాలు లేరు. విడదీసింది నేను కాబట్టి పేరు పెట్టేది నేనే. సొంత పేరు కూడదు కదా, నీ పేరు పెట్టాను. జొయిలా లేనిదే అంపారో పెరగదని ఇక పుస్తకాల్లోనే ఉంటుంది. మూతి ముడుచుకోకు.

నీ అంపారో