నాయన మోకాళ్ళకు ఒక కుర్చీ

రేణిగుంట,
శనివారం మధ్యాహ్నం.

ఇందుమూలంగా మన ఇంటి పెద్దలకు, పిల్లలకు, పాడి ఆవులకు తెలియజేయడమేమనగా: చిన్న కొడుకు మునెప్ప అనేవాడు పుట్టినప్పటి నుంచి చేస్తున్న గొంతుక్కూర్చునే పనికి స్వస్తి చెప్పి, దొడ్డికి కూడా కుర్చీ మీదే కూర్చుంటున్నాడు. అభ్యంతరాలు ఉన్నవారు ఉత్తరం చివరిదాకా చదివి తెలపవలెను.

నాయనకు మునెప్ప దండం పెట్టి రాసేది. నేను ఇక్కడ బాగున్నాను. నువ్వు, నీ కోడలు, పిల్లలు బాగున్నారని తలుస్తాను. ఎర్రావు ఈనిందా? ఫోనులో కుర్చీ మాట ఎత్తగానే నువ్వు ఫోను నీ కోడలి చేతికిచ్చేస్తున్నావు. అందుకే రాస్తున్నాను. కళ్ళజోడు పెట్టుకుని నువ్వే చదువు.

ఇక్కడ మన పలమనేరు చల్లగాలి తప్ప అన్నీ దొరుకుతాయి. లాడ్జిలో గదులు శుభ్రం చేసే పని, కష్టమేమీ కాదు. మూడు పూటలా అన్నమే. సంగటి లేక ఎంత తిన్నా కడుపు ఖాళీగానే ఉంటుంది. ఎవరైనా ఇటు వస్తుంటే రాగిపిండి పంపు. సాయంత్రాలు మాట్లాడే మనిషి లేక ఖాళీ గదుల్లో అద్దం ముందు నిలబడి నన్ను నేనే తిట్టుకుంటున్నాను. అయినా బాగున్నాను, దిగులు పడొద్దు.

చేరిన రోజు బాత్రూము అడిగితే మేనేజరు తలుపు చూపించి "పోయి కూచోప్పా" అన్నాడు. ఆ గదిలో కూర్చోవడమంటే మనకు ఒకటే కదా. చెప్పులతో పైకెక్కి గొంతుక్కూర్చున్నాను. సీటు కదిలింది. పడిపోకుండా గోడకున్న కొళాయి పట్టుకుంటే నెత్తిన వాన కురిసింది. తడిసి బయటికొస్తే, మేనేజరు సీటు మీద చెప్పుల అచ్చులు చూశాడు.

"ఏమప్పా, చెట్టెక్కినావా?"

"నువ్వే కదా కూచోమంటివి."

"కుర్చీలో యాడన్నా అట్ల కూచుంటారా? కాళ్ళు కిందికి దించల్ల."

మర్నాడు కాళ్ళు దించి కూర్చున్నాను. ఏమని చెప్పను నాయనా. మోకాలు టక్కుమనలేదు. పాదాలు తిమ్మిరెక్కలేదు. లేచేటప్పుడు గోడ పట్టుకోలేదు. మీట నొక్కితే నీళ్ళు సుడి తిరిగి అంతా తీసుకుపోయి, మళ్ళీ బావి అడుగులా తేటగా నిలిచాయి. ఊరికే ఇంకోసారి నొక్కి చూశాను. ఇంత చిన్న పని కోసం ఇంత ఆలోచించినవాడెవడో గానీ, వాడికి మనసులోనే మొక్కాను. మొదట్లో మాత్రం ఏమీ రాలేదు. కుర్చీ మీద కూర్చున్నాడు కదా, ఎవరో కాఫీ తెస్తారని కడుపు ఎదురుచూసిందేమో. కాళ్ళ కింద చిన్న పీట వేసుకున్నాక దారికొచ్చింది.

ఇక అసలు సంగతి. దొడ్డికి పోవాల్సి వస్తుందని నువ్వు సగం ముద్ద వదిలేస్తున్నావట. పొద్దుగూకితే నీళ్ళు కూడా ముట్టడం లేదట. మొన్న కూర్చుని లేవలేక, కోడలిని పిలవడానికి సిగ్గుపడి, లోపలే ఉండిపోయావట. నీ కోడలు ఫోనులో చెబుతూ ఏడ్చింది. కుర్చీ పెట్టిద్దామంటే "కుర్చీలో కూచోని ఆ పని చేస్తే ఇంట్లో లక్ష్మి ఉంటాదా?" అన్నావట.

విను. లాడ్జికి ఒక పెద్ద అయ్యవారు వచ్చారు. కొండ మీద ఏళ్ళ తరబడి సేవ చేసిన మనిషి, మడీ ఆచారం అన్నీ గట్టివే. ఆయన అడిగి మరీ కుర్చీ ఉన్న గది తీసుకున్నారు. "తప్పు గాదా సామీ?" అన్నాను. "మెట్లెక్కి స్వామిని చూపించిన మోకాళ్ళు ఇవి. వీటిని ఏడిపించి ఏ ఆచారం నిలబెట్టేది?" అన్నారు. నువ్వూ నన్ను భుజాన వేసుకుని ఆ మెట్లెక్కినవాడివే.

మేస్త్రీకి చెప్పి ఉంచాను. నువ్వు ఊ అంటే వచ్చి బిగిస్తాడు. మేనత్తకు, ఎదురింటి పెద్దాయనకు నా దండాలు చెప్పు. పిల్లలను ముద్దాడానని చెప్పు. నీ పాదాలకు, వాటికన్నా ముందు నీ మోకాళ్ళకు మొక్కి, దీవెన కోరుతూ,

నీ చిన్న కొడుకు
మునెప్ప

మడిచిన ఉత్తరం మళ్ళీ తెరిచాను. ఆ అయ్యవారు ఎవరూ లేరు నాయనా. ఆ మాట నాదే. నేనన్నానంటే ఎగతాళి అనుకుంటావని పెద్దమనిషి నోట్లో పెట్టాను. మిగతాదంతా నిజం. నా మాటకే ఊ అను.