గోరుకు తగిలిన పిన్ను

అక్కా,

ప్రదర్శనకి ఇచ్చేముందు నాన్న బ్యాడ్జీ పిన్నుల పెట్టె ఒకసారి చూడమన్నావు. చూశాను. పద్నాలుగింటిలో పదమూడు అసలువే. గోటితో రాస్తే ఎక్కడా తగలదు. పిన్నుల ఫ్యాక్టరీలో నాన్న పనే అది కదా, బొమ్మలో నింపిన రంగూ, దాని చుట్టూ ఉన్న లోహమూ ఒకే మట్టానికి వచ్చేలా సానపట్టడం. నకిలీలో రంగు కాస్త కిందికి ఉంటుంది, అంచు గోరుకు తగులుతుంది.

ఆ ఒక్క నకిలీ, నాన్న రోజూ చొక్కాకి పెట్టుకున్న ఓడ బొమ్మ పిన్ను. ఆయన సానపట్టిన మొదటిది అదేనని నువ్వు అందరికీ చెప్పావు. మార్చింది నేనే. కాలేజీ రోజుల్లో పిన్నులు పోగేసే పిచ్చిలో అసలుది తీసేసి, సంతలో కొన్నది పెట్టాను. ఆయనకి చూపు ఆనడం లేదు, ఏం తెలుస్తుందిలే అనుకున్నాను.

మర్నాడు పెట్టుకోబోతూ నాన్న దానిమీద గోరు రాశారు. ఆగి, మళ్లీ రాశారు. నావైపు చూసి, "బాగా మెరుస్తోందిరా" అని పెట్టుకుని పనికి వెళ్లిపోయారు.

ప్రదర్శనవాళ్లూ గోరు రాసే చూస్తారు. నాన్న పేరు కింద నకిలీ ఉంటే నువ్వు తలెత్తుకోలేవు. అందుకే అసలుది పెట్టెలో పెట్టి పంపుతున్నాను. నకిలీది నా దగ్గరే ఉంచుకుంటాను, కోప్పడకు. పోయేదాకా నాన్న పెట్టుకున్నది అదే.

నీ తమ్ముడు