అన్న దిగుతనన్నడు

లాంకషైర్,
శనివారం

సదానందం అన్నకు,

ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ, మంచిగున్నం" అని వదినకు ఇచ్చేస్తావు. ఒకవేళ మాట్లాడినా అది వాదనవుతుంది, వాదనలో నేనే గెలుస్తాను. ముప్పై ఏళ్లుగా మనింట్లో అదే జరుగుతోంది. అందుకే ఇది కాగితం మీద రాసి, ఫొటో తీసి మహితకు పంపిస్తున్నాను. నీ బిడ్డ చదివి వినిపిస్తుంది. కనీసం ఇట్లయితే నువ్వు చివరిదాకా వింటావు, నేను మధ్యలో నీ నోరు మూయించలేను.

నిన్న పొద్దంతా ఒక పడవలో ఉన్నాను. చేనేత మీద ఉపన్యాసమివ్వమని నన్ను ఇక్కడికి పిలిచిన మ్యూజియం వాళ్లే ఏర్పాటు చేశారు. సన్నటి పొడుగు పడవ. మనిషి నడక కంటే నెమ్మదిగా పోతుంది. మిల్లులకు దూది మోయడానికి తవ్విన కాలువట ఇది. ఆ మిల్లుల బట్ట వచ్చి మన తాతల మగ్గాల మీద పడ్డదని ఎన్ని సభల్లో అరిచి ఉంటాను! అదే కాలువ మీద, సన్నటి వానలో, వాళ్లు పోసిన చాయ్ తాగుతూ కూర్చున్నాను. రెండు ఒడ్లకూ మూతబడ్డ మిల్లులు. కిటికీలకు అద్దాలు లేవు. నాకు సంతోషం కలగాలి కదా? కలగలేదు.

దారిలో తొమ్మిది లాకులు వచ్చాయి. లాకంటే లాకప్ కాదు, నువ్వు భయపడకు. మన కాకతీయ కాలువ మీది షట్టర్లు చూశావు కదా, అట్లాంటి తలుపులు ముందొక జత, వెనకొక జత, మధ్యలో రాతి గోడల గుంత. నిండుగా నీళ్లున్న గుంతలోకి పడవ పోతుంది. వెనక తలుపులు మూసి, ఇనుప పిడి తిప్పి, నీళ్లను కిందికి వదులుతారు. నీళ్లతో పాటే పడవా కిందికి పోతుంది. కింది కాలువతో సమానం కాగానే ముందు తలుపులు తెరుస్తారు.

పడవ నడిపింది డోరీన్ అనే ఆమె. డెబ్బై నాలుగేళ్లు. ఇరవై ఏళ్లు మిల్లులో మగ్గాల మధ్య నిలబడి చెవులు పోగొట్టుకుంది. యూనియన్ కూడా నడిపింది. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటుంది. నేను ఊరుకుంటానా? మొదటి లాకు దగ్గరే అందుకున్నాను. ఆమె మాటలు మన భాషలోనే రాస్తాను, నీకు అట్లయితేనే వినిపిస్తాయి.

"మీ మిల్లులు మా చేతిల పని గుంజుకున్నయి" అన్నాను.

"గుంజుకుంటే నాకేం దక్కింది? ఈ చెవులా?"

"మిల్లు మూసినప్పుడు మీరు కొట్లాడలేదా మరి?"

"ఎందుకు కొట్లాడం? నెలరోజులు గేటు ముందట కూసున్నం. మూసిన్నాడు ఇంటికి పోయి, బూట్లు ఇడిసి, నిమ్మలంగ గూడ కూసున్న. ఆ ముచ్చట యూనియన్ల ఎన్నడు చెప్పలె. నువ్వు గూడ రాయకు."

రాశాను చూడు. నా పద్ధతే అది.

ఇప్పుడు అసలు సంగతి. మ్యూజియం వాళ్లకు నువ్వు కావాలి. వచ్చే ఏప్రిల్ నుంచి మూడు నెలలు ఒక అద్దాల గదిలో గుంత మగ్గం వేస్తారట. నువ్వు జంపఖానా నేస్తుంటే జనం టికెట్ కొని చూస్తారట. నేల తవ్వకూడదు కాబట్టి చెక్కలతో ఎత్తు కట్టి అందులో గుంత వదులుతారట. బుధవారంలోగా నీ జవాబు చెప్పమన్నారు. గుంత ఎంత లోతుండాలని అడిగారు. అన్నా, నాకు తెలియలేదు. ఏటా చేనేత దినం నాడు శాలువాలు కప్పి పోయే పెద్దమనుషులను మైకు ముందు చీల్చి చెండాడేదాన్ని, నలభై ఏళ్లుగా నువ్వు కాళ్లు పెట్టుకొని కూర్చున్న గుంత లోతు నాకు తెలియదు.

నాలుగో లాకు దగ్గర డోరీన్ అడిగింది.

"మీ అన్న అస్తడా?"

"అస్తడు. మా అన్న మగ్గం ఇడువడు."

"ఆయనకు ఇష్టమేనా?"

"ఇష్టం లేకుంటే నలభై ఏండ్లు చేస్తడా?"

"నేను ఇరవై ఏండ్లు చేసిన" అని, ఇనుప పిడి తీసుకొని గట్టెక్కింది. నన్ను చుక్కాని పట్టుకొని కదలకుండా నిలబడమంది. పడవలో ఒక్కదాన్నే ఉన్నాను. పైనుంచి ఒక్క కేక వేసింది: "దిగుతున్నవ్!"

అది మనింటి మాటే అనిపించింది. చుట్టూ గోడలు లేస్తున్నాయి. పాచి, చెమ్మ, చలి. పైన ఒక పలక అంత ఆకాశం. వానాకాలం మన గుంతలో నీళ్లు ఊరేవి. నువ్వు చెంబుతో తోడిపోసి, గోనెసంచి పరుచుకొని, ఆ చెమ్మలోనే కాళ్లు పెట్టేవాడివి. నేను పైన కూర్చొని నూలు కండెలు చుట్టాను, చదువుకున్నాను, నీ మీద వ్యాసాలు రాశాను. అందులో ఒక్కపూటైనా కాళ్లు పెట్టలేదు.

పన్నెండేళ్ల కింద మిల్లు మేనేజరు వెంకట్రాజం సారు నా దగ్గరికొచ్చాడు, గుర్తుంది కదా. కొత్త మిల్లులో పిల్లలకు నేత నేర్పే మాస్టరు ఉద్యోగం. కుర్చీ, ఫ్యాను, నెల జీతం. నిన్ను అడిగి చెప్పమన్నాడు. నీకు కబురు పంపాను. అప్పుడు నేను అదే మిల్లుకు వ్యతిరేకంగా కరపత్రం రాస్తున్నాను. "మా అన్న ఆకలికైనా ఓర్చుకుంటాడు, మిల్లు గేటు తొక్కడు" అని అందులో ఒక వాక్యం కూడా ఉంది. నువ్వు మర్నాడు సైకిలు మీద వచ్చి, మా ఇంటి గేటు దగ్గరే నిలబడి, "సారుకు చెప్పు చెల్లె, నేను దిగుతనని" అన్నావు.

మన ఇంట్లో దిగుడంటే పనికి కూర్చోవడం. "పొద్దుగాల ఆరింటికే దిగాలె" అని బాపు అరిచేవాడు. బయటి వాళ్లకు మగ్గం దిగాడంటే మగ్గం మానేశాడని. నేను వెంకట్రాజం సారుకు, "మా అన్న గుంతల్నే దిగుతడట, రాడట" అని చెప్పాను. నిన్న ఆ లాకులో నిలబడేదాకా, నాకే పొరపాటుగా వినిపించిందని నన్ను నేను నమ్మించుకున్నాను. అబద్ధం. ఆ రోజు నువ్వు ఇస్త్రీ అంగీ వేసుకొని వచ్చావు. గుంతలో దిగే మనిషి ఇస్త్రీ అంగీ వేసుకోడు. నీ మొహం వెలుగుతోంది. నాకు సరిగ్గానే అర్థమైంది. అర్థమైనా, నా కరపత్రానికి పనికొచ్చే అర్థమే ఏరుకున్నాను.

ముందు తలుపులు తెరుచుకొని పడవ బయటపడ్డది. డోరీన్ మళ్లీ పడవెక్కగానే, "మా అన్నకు ఇష్టమో లేదో నాకు తెల్వది. అడగాలె" అన్నాను. "ఇన్నేండ్లు ఏం జేసినవమ్మా?" అంది.

అందుకే అడుగుతున్నాను. వస్తావా, రావా? ఏదన్నా సరే, ఈసారి నీ మాటను నేను తర్జుమా చేయను. మగ్గం మానేస్తానన్నా నీ వెనకే ఉంటాను.

తప్పు చేసిన నీ చెల్లె,
శోభారాణి


కాశిబుగ్గ,
సోమవారం

అత్తా, నాన్న చెప్తున్నాడు, నేను రాస్తున్నాను. ఒక్క మాట కూడా దిద్దొద్దన్నాడు. — మహిత

చెల్లె శోభకు,

నీ ఉత్తరం మహిత రెండుసార్లు సదివింది. మీ వదిన సగంల లేశి వంటింట్లకు పోయింది.

ముందుగాల మగ్గం ముచ్చట. అది లేదు. పోయిన ఉగాదికే ఇప్పేసిన. గుంతను కంకరతోటి నింపి మీద బండలు పరిపిచ్చిన. ఇప్పుడాడ మహిత మంచమున్నది. నేను హన్మకొండల ఒక దవాఖానల లిఫ్టు నడుపుతాన. స్టూలు మీద కూసుంట. ఫ్యాను ఉన్నది. నీకెందుకు చెప్పలేదంటే, చెప్తె మీటింగు పెడుతవని భయం. (ఒకటి కాదు, రెండు పెట్టేదని అమ్మ వంటింట్లోంచి అంటోంది.)

ఇగ ఎంకట్రాజం సారు సంగతి. నీకు తెల్వంది ఒకటున్నది. పది దినాలకు ఆయన మనింటికి అచ్చిండు. "మగ్గంల్నే ఉంటనన్నవట, మీ చెల్లె చెప్పింది, నిజమేనా సదానందం?" అన్నడు. నౌకరి కాయితం ఆయన సంచిల్నే ఉన్నది. నేను ఒక్క మాటంటే అయిపోతుండె. కాని నేనేమనుకున్ననంటే, చెల్లె మనింటి మాట పట్టుకున్నది, దిగుడంటే పనికి దిగుడనుకున్నది, సరిగ చెప్పంది నేనే. ఇప్పుడు కాదంటే సారు ముందట నీ మాట పోతది. అప్పుడప్పుడే నలుగురిల నీకు పేరొస్తాంది. "ఔ సారు, చెల్లె చెప్పిందే నిజం" అన్న. ఆయన పోయినంక నేను, మీ వదిన నవ్వుకున్నం గూడ. ఒక్క మాటకు రెండు అర్థాలు పెట్టి పోయిండని బాపును తిట్టుకున్నం.

ఈ పన్నెండేండ్లు మోకాళ్లు గుంజినప్పుడల్ల, "పాపం, దానికి సమజ్ గాలేదు" అనుకునేటోన్ని. అనుకుంటే బరువు దిగి జర అల్కగ ఉండేది. నువ్వేమో సమజైందని రాస్తివి. రాసి నీ మనసు అల్కగ చేసుకుంటివి. మరి నేనేమనుకోవాలె ఇగ?

మ్యూజియమోళ్లకు నువ్వు జవాబియ్యకు. వాళ్ల అడ్రసు పంపు. మహిత ఇంగ్లీషుల రాస్తది, నేను సంతకం పెడుత. రాను అని. మోకాళ్ల నొప్పులని రాయిపియ్యను, డ్యూటీ ఉన్నదని రాయిపియ్యను. రాను, గంతే.

నువ్వు అచ్చినంక సక్కగ ఇంటికి రాకు. నాకు కోపమున్నది. ఉత్తరం విన్నప్పుడు లేకుండె. ఇయ్యాల లిఫ్టుల కూసున్నంక అచ్చింది. మూడో అంతస్తు ఒత్తుమంటే ఐదు ఒత్తిన. కోపం పోతది కావచ్చు. పోయినంక నేనే ఫోన్ చేస్త. అప్పటిదాక నువ్వు చెయ్యకు.

సదానందం

అత్తా, చివర "నీ అన్న" అని రాయనా అని అడిగాను. పేరు చాలన్నాడు.